పైకి చూస్తే ఔను

పందొమ్మిదేళ్ళ వయసులో మెదడు కాండం గురించి నాకు తెలియని సంగతి లేదు. మెదడు వాడటం ఒక్కటే తెలియదు. నేను చేసిన తెలివితక్కువ పనులు చాలానే ఉన్నాయి. బావిలో పడ్డ చేదను తీయబోయి నేనూ పడ్డాను. లెక్కల పరీక్షనాడు చరిత్ర చదువుకుని వెళ్ళాను. నందిగామ బస్సనుకుని బందరు బస్సెక్కి, కండక్టరు లేపి దించేదాకా హాయిగా నిద్రపోయాను. అవన్నీ తరవాత పదిమందిలో చెప్పి నవ్వించడానికి పనికొచ్చాయి. ఇది ఒక్కటే దేనికీ పనికిరాలేదు.

పోయిన వారం పాత బీరువా ఖాళీ చేస్తుంటే మెడికల్ కాలేజీ మొదటి సంవత్సరం నాటి నా రికార్డు పుస్తకం బయటపడింది. అట్టను చెదలు తినేశాయి. లోపల మెదడు కాండం బొమ్మ జోలికి మాత్రం రాలేదు. వాటికీ ఆ పాఠమంటే భయం ఉన్నట్టుంది. రంగు పెన్సిళ్ళతో ఎంత ముచ్చటగా వేశానో! మధ్య మెదడుకు ఎరుపు, పాన్స్‌కు పసుపు, మజ్జాముఖానికి నీలం. పక్కన గుండ్రటి అక్షరాలతో వాటి పనులన్నీ రాసి, కింద రెండు గీతలు కొట్టాను. ఆ బొమ్మను నేను మొట్టమొదట చూపించింది మా పెద్దమ్మకు. ఆ తరవాత ఆ బొమ్మలో ఉన్నదంతా ఆవిడ మీదే చూడాల్సి వచ్చింది.

మా ఊరు నందిగామ. మా అమ్మకు మేం ఆరుగురం. అమ్మకు అక్క వెంకాయమ్మకు పిల్లల్లేరు. అందుకని నన్ను ఐదో ఏటనే జగ్గయ్యపేటకు ఎత్తుకుపోయింది. చదువంతా పేటలోనే సాగింది. తెల్లవారుజామున పెరట్లో కాగు కింద పత్తికట్టె మంట, ఆ పొగలో కలిసి వచ్చే పెదనాన్న చుట్టవాసన, సావిట్లో పోసిన మిరపకాయల ఘాటు. ఈ మూడు కలిస్తే అది మా ఇల్లు. మిరపకాయల రోజుల్లో ఇంట్లో ఎవరూ దగ్గకుండా ఒక వాక్యం పూర్తి చేయలేకపోయేవారు. పెద్దమ్మ తప్ప. ఆవిడ వాక్యానికి దగ్గు కూడా అడ్డం రాలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి మాట్లాడేది. గేదెతో, పొయ్యితో, పక్కింటివాళ్ళతో, పక్కింటివాళ్ళు లేనప్పుడు వాళ్ళ గోడతో. పెదనాన్న మాటలు తక్కువ మనిషి. రెండు రోజుల కిందటి పేపరు అరుగుమీద కూర్చుని చదువుకోవడం, పాలేటి సంగతి కనుక్కోవడం ఆయన దినచర్య. మా పొలం పాలేటి అవతల. పాలేరు పొంగి చప్టా మునిగిన రోజున అవతలి ఊళ్ళో ఉండే మా పాలేరు రాలేడు. ఆ ఇద్దరు పాలేర్ల మధ్య పెదనాన్న ఏటా నలిగిపోయేవాడు.

ఆ ఇంట్లో ఇంకో మనిషి రత్తమ్మత్త. పెదనాన్నకు చెల్లెలు. చిన్నప్పుడే భర్త పోతే పుట్టింటికి వచ్చింది. అంతకు ముందే ఏదో జ్వరంలో రెండు చెవులూ పోయాయి. ఊరందరితో నోటితో మాట్లాడే పెద్దమ్మ రత్తమ్మత్తతో మాత్రం కళ్ళతో మాట్లాడేది. చేతులు పిండిలో ఉంటాయి, అత్త పెరటి అవతల ఉంటుంది. "చారు పెట్టనా వదినా?" అని అత్త కేకేస్తే పెద్దమ్మ కళ్ళు పైకెత్తేది. అంటే ఔను. దించితే వద్దు. ముప్పై ఏళ్ళు ఆ ఇంటి వంట ఆ రెండు చూపులతో నడిచింది. నేను అది రోజూ చూశాను. చూశాను గాని అదొక భాష అని నాకెప్పుడూ తోచలేదు.

సెలవులకు వచ్చినప్పుడు, పెద్దమ్మ వేరుశనక్కాయలు వొలుస్తుంటే రికార్డు పుస్తకం పట్టుకుని పక్కన చేరాను. "ఇది మెదడు కాండం" అన్నాను. "కాండమంటే చెట్టుకుండేదా, పురాణంలో చెప్పేదా?" అంది. చెట్టుకుండేదే అన్నాను. పువ్వుకు కాడలాగా మెదడుకు ఇది. బొటనవేలంత లావు, మూడంగుళాల పొడవు. పైది మధ్య మెదడు. మనిషిని మెలకువగా ఉంచడంలో దానికి చేయి ఉంది. కనురెప్పలెత్తడం, కళ్ళను పైకీ కిందికీ తిప్పడం దాని పనే. నడిమిది పాన్స్, అంటే వంతెన. కళ్ళు పక్కలకు తిప్పడం, ముఖం కదపడం దీనివల్ల. అంతేకాదు, పైనున్న పెద్ద మెదడు కాళ్ళకూ చేతులకూ నాలుకకూ పంపే ఆజ్ఞలన్నీ ఈ వంతెన మీదుగానే దిగాలి. అట్టడుగుది మజ్జాముఖం. ఊపిరి, గుండె, గుటక, దగ్గు, వాంతి, అన్నీ అక్కడ.

పెద్దమ్మ శ్రద్ధగా విని, "ఇంత సంసారం మూడంగుళాల్లో పెట్టాడా? దేవుడు కూడా నాలాగే పొదుపు మనిషిరా" అంది. ఆ సాయంత్రమే వీధంతా తిరిగి, మా చిన్నోడు ఊపిరెక్కడుంటుందో కనిపెట్టాడని చెప్పి వచ్చింది.

మళ్ళీ మిరపకాయల రోజులు వచ్చేసరికి హాస్టలుకు టెలిగ్రాం. నేను పేట చేరేసరికి పెద్దమ్మ పడిపోయి రెండో రోజు. కాగు దగ్గర నీళ్ళు తోడుతూ ఉన్నట్టుండి కూలిపోయిందట. మంచం మీద వెల్లకిలా ఉంది. కాలు, చేయి, ముఖం, నాలుక, ఏదీ కదలదు. కళ్ళు మాత్రం తెరుచుకుని ఉన్నాయి. నందిగామ నుంచి ఒక పెద్ద డాక్టరుగారు కారులో వచ్చి చూసి, "మెదడు పోయిందండీ. ఊపిరొకటే మిగిలింది. రెండు మూడు రోజులు" అని చెప్పి, మా తృప్తికోసం గ్లూకోజు ఎక్కించమని కాంపౌండరుకు పురమాయించి వెళ్ళిపోయారు. ఇంట్లో మిరప ఘాటుకు అందరూ దగ్గుతున్నారు. ఆవిడొక్కతే దగ్గడంలేదు. అది చూసి నాకు దుఃఖం రావాలి. వచ్చింది కూడా. కాని దాని వెనకే, ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, ఒక చిన్న సంతోషం కూడా వచ్చింది. దగ్గు లేదు, గుటక లేదు, ముఖంలో కదలిక లేదు, చూపు పక్కలకు తిరగడంలేదు. పుస్తకంలో ఉన్నట్టే ఉంది! మంచం చుట్టూ చేరిన చుట్టాలకు, ఏది ఎక్కడ తెగిందో, అందువల్ల ఏమేం పోయాయో వరసగా అప్పజెప్పాను. ఆవిడ కాళ్ళ దగ్గర నిలబడి చెప్పాను. ఆవిడ కళ్ళు నా మీదే ఉన్నాయి.

మనిషి మంచం మీద పోకూడదని మావాళ్ళ పట్టింపు. ప్రాణం ఉండగానే నేలమీదికి దించాలి. ఒకసారి దించాక మళ్ళీ మంచం ఎక్కించకూడదు. వచ్చిన చుట్టాల్లో ప్రతివాళ్ళూ తమ చేత్తో ఒక చెంచా తులసినీళ్ళు నోట్లో పోయాలి. అలా పోయకపోతే జన్మంతా వెలితి. దించే విషయంలో పెదనాన్న వెనకాడాడు.

"కళ్ళు తెరిచే ఉందిగదరా అబ్బాయ్. దించొచ్చంటావా?"

"కళ్ళు తెరిచి ఉండటం వేరు, చూడటం వేరు పెదనాన్నా. ఆవిడకేం తెలియదు. దించండి."

వత్సవాయి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ముక్కున వేలేసుకుని, "ఎంత చదువమ్మా!" అంది. నాకు కడుపు నిండింది. దించారు. ఆ చలిలో, నేలమీద చాపేసి.

ఇక చెంచాలు మొదలయ్యాయి. ముక్త్యాల నుంచి, పరిటాల నుంచి, బస్సుకొకరు చొప్పున దిగి, ఏడ్చి, నీళ్ళు పోసి, పక్కకు జరిగేవారు. నీళ్ళు పెదవి పక్కనుంచి కారేవి. కొన్ని లోపలికి పోయేవి. గుటక లేని గొంతులో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయని నాకు తెలుసు. పరీక్షలో అడిగితే పది మార్కులకు రాసేవాణ్ణి. ఒకరిద్దరు నన్ను అడిగారు కూడా. "పోసినా ఒకటే, పోయకపోయినా ఒకటే" అన్నాను. నీళ్ళ తరవాత మాటలు. ఆడవాళ్ళు ఆవిడ తలాపున కూర్చునే మాట్లాడుకున్నారు.

"నేరేడుపండు రంగు పట్టుచీర ఉందిగా, అది కడదాం."

"దానికి అంచు చిరిగిందే. పసుపుది కట్టండి. పుణ్యస్త్రీగా పోతంది, అదృష్టవంతురాలు."

"బావ సంగతి కూడా చూడాలి గదా. ఆ చెవిటిది ఎన్నాళ్ళు వండిపెడతది?"

రత్తమ్మత్త ఇవేవీ వినలేదు. ఆవిడ వినవలసింది వింటోంది. నేను వచ్చిన రోజునుంచీ పోసేవాళ్ళ చేతులు పట్టుకుని, ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచేది. "పొయ్యొద్దండే! మా వదిన వద్దంటంది! చూడండి, వద్దంటంది!" ఆవిణ్ణి తలా ఒక చేయి వేసి పక్కకు లాగేవారు. పాపం, దిగులుతో మతి చెడిందన్నారు. నా దగ్గరికొచ్చి నా చొక్కా పట్టుకుని, "నువ్వన్నా చెప్పరా చిన్నోడా!" అని కుదిపేసింది. నేను ఆవిడ ముఖానికి ఎదురుగా నిలబడి, పెదాలు అర్థమయ్యేట్టు నెమ్మదిగా, "కళ్ళు వాటంతట అవే కదులుతాయత్తా. దాన్ని రిఫ్లెక్స్ అంటారు" అన్నాను. అత్త నావైపు చూసిన చూపుకు అప్పుడు నాకు అర్థం తెలియలేదు. ఇప్పుడు తెలుసు. చెవిటివాళ్ళను చూసి మనం జాలిపడతామే, ఆ చూపు.

ఆరో రోజు మధ్యాహ్నం అందరూ పక్కింటి సావిట్లో భోజనాలకు కూర్చున్నారు. అత్త నా చేయి పట్టుకుని లాక్కొచ్చి పెద్దమ్మ ముందు నిలబెట్టింది. అప్పటికే పెద్దమ్మ ఛాతీలో గురగుర మొదలైంది, ఒళ్ళు కాలిపోతోంది.

"వదినా, వీడు మన చిన్నోడేనా?"

పెద్దమ్మ కళ్ళు పైకి లేచాయి.

"వీడు మా అన్నా?"

కళ్ళు కిందికి దిగాయి.

"నీళ్ళు కావాలా?"

మళ్ళీ కిందికి. అత్త నన్ను ముందుకు తోసింది. అప్పటికీ బుద్ధి రాక, పరీక్ష పెట్టాను. "పెద్దమ్మా, నేను పుట్టింది బెజవాడలోనా?" కిందికి. "నందిగామలోనా?" పైకి. "నేను వచ్చిన రోజునుంచీ... మేం మాట్లాడిందంతా..." పైకి. అడగడం పూర్తి కాకముందే పైకి.

పాలేటి చప్టా మునిగిన రోజున అవతలి ఊరు ఊరుగానే ఉంటుంది. అక్కడ పొయ్యిలు వెలుగుతాయి, మా పాలేరు చప్టా దాకా వచ్చి నిలబడి ఇటు చూస్తూనే ఉంటాడు. రాలేడు, అంతే. వంతెన పోయింది గాని పైనున్న ఊరు పోలేదు. చూపు, వినికిడి, తెలివి, కోపం, ఊళ్ళో వాళ్ళందరి పేర్లు, నేరేడుపండు రంగు చీర అంచు ఎక్కడ చిరిగిందో ఆ జ్ఞాపకం, అన్నీ పైన భద్రంగా ఉన్నాయి. మధ్య మెదడు మిగిలింది కాబట్టి కళ్ళు పైకీ కిందికీ కదులుతున్నాయి. ఈ ముక్కలన్నీ నా రికార్డులో ఉన్నాయి. ఎరుపు, పసుపు, నీలం. వాటిని కలిపి చదవాలని మాత్రం నాకు తోచలేదు.

నేను అరుస్తూ బయటికి పరుగెత్తాను. నీళ్ళు పోయవద్దని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. అప్పుడే బస్సు దిగిన ఇద్దరు ముసలివాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు. "అందరూ పోసారంట! మా చేతినీళ్ళే చేదా? మేమేం పాపం చేసాం?" నిన్నటిదాకా నన్ను పొగిడిన వత్సవాయి ఆవిడే, "మొన్న ఏమీ తెలవదన్నావు, ఇయ్యాల అన్నీ తెలుసంటన్నావు. ఏది చదివావురా నాయనా?" అంది. న్యాయమైన ప్రశ్న. పెదనాన్న మాత్రం లోపలికి వెళ్ళి, చాప పక్కన గొంతుకూర్చున్నాడు. ఆయన భార్యను నలుగురిలో పలకరించడం నేను అంతవరకూ వినలేదు.

"ఏమే. చలేస్తందా?"

పైకి.

"మంచం ఎక్కుతావా?"

పైకి. ఆయన తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. దించిన మనిషిని ఎక్కించకూడదని వెనకనుంచి ఎవరో అన్నారు. "అది ఎక్కుతానందిరా! నాలుగురోజులు నేలమీద పడేసాం గదరా!" అని ఆయన పెట్టిన కేకకు సావిడంతా ఖాళీ అయింది. ఆయనే ఎత్తాడు. నన్ను చేయి వేయనివ్వలేదు.

నేను బస్సెక్కి నందిగామ వెళ్ళాను. పెద్ద డాక్టరుగారు భోంచేసి వక్కపొడి నములుతున్నారు. అంతా చెప్పాను. కళ్ళు, పైకి, కిందికి. ఒకసారి వచ్చి చూడమని, ముక్కులోంచి గొట్టం వేస్తే పాలు పోయవచ్చని, జ్వరానికి పెన్సిలిన్ మొదలుపెట్టమని బతిమాలాను.

"ఎన్నో సంవత్సరం బాబూ నువ్వు?"

"మొదటి సంవత్సరమండీ. అయిపోవస్తోంది."

"అయిపోనీ. అప్పుడు మాట్లాడుకుందాం."

ఆయన మీద నాకు కోపం రాలేదు. నాలుగు రోజుల కిందట నేను రత్తమ్మత్తతో మాట్లాడింది సరిగ్గా ఆ గొంతుతోనే. ఆయన కాంపౌండరు మంచివాడు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి వచ్చి ఒక ఎర్ర రబ్బరు గొట్టం, పెన్సిలిన్ సీసాలు చేతిలో పెట్టి, ఆ సాయంత్రం తనూ వచ్చాడు. మందు ఆ తులసినీళ్ళకంటే ఆలస్యంగా వచ్చింది.

మిగిలిన మూడు రోజులూ అత్త మంచం పట్టె మీదనుంచి లేవలేదు. ఒక్కొక్కటే అడుగుతూ పెద్దమ్మకు కావలసినవి కనుక్కుంది. దిండు తియ్యనా, దీపం తగ్గించనా, గేదెకు కుడితి పెట్టనా. చీర సంగతి కూడా అడిగింది. పసుపుది వద్దంది పెద్దమ్మ. నేరేడుపండుదీ వద్దంది. ఎప్పుడూ కట్టే ఎర్రగళ్ళ నేతచీరకు కళ్ళు పైకెత్తింది. రెండో రోజు పొద్దున నేను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "నా మీద కోపమా పెద్దమ్మా?" అని అడిగాను.

ఆవిడ కళ్ళు పైకి లేవలేదు. కిందికి దిగలేదు. మూసుకుంది.

ముఖం తిప్పుకుందామన్నా తిప్పుకోలేని మనిషి. చూపు పక్కకు మరల్చుకుందామన్నా ఆ దారి పాన్స్‌తో పాటే పోయింది. రెప్పలొక్కటే ఆవిడ చేతిలో ఉన్నాయి. ముప్పై ఏళ్ళ ఆ భాషలో మూసుకోవడానికి అర్థం లేదు. అత్తవైపు తిరిగాను. అదేమిటో చెప్పమని రెండు చేతులతో సైగ చేశాను. అత్త చాలాసేపు ఆ మూసిన కళ్ళకేసి చూసి, మొదటిసారి గొంతు తగ్గించి, "నాకూ తెలవదురా" అంది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ పోయింది. మంచం మీదే పోయింది. పోసినవాళ్ళెవరికీ నేను ఆ తరవాత చెప్పలేదు, ఆవిణ్ణి తీసుకుపోయింది మెదడులో రక్తం గడ్డ కాదు, తలా ఒక చెంచా ప్రేమ అని. వాళ్ళకు తెలియక పోశారు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తొమ్మిది రోజుల్లో మూడు రోజులు ఆవిడ మనిషిగా బతికింది. అంతకు ముందు రోజులు నా పాఠం వింటూ పడి ఉంది.

ఇప్పుడైతే గంటలో బెజవాడ తీసుకుపోతారు. పెద్ద పెద్ద యంత్రాల్లో పెట్టి, నేను రంగు పెన్సిళ్ళతో వేసినదాన్ని బతికుండగానే బొమ్మ తీస్తారు. గొట్టాలున్నాయి, ఊపిరి పోసే మెషీన్లున్నాయి, ఆ స్థితికి పుస్తకాల్లో పేరు కూడా ఉంది. మంచిదే. కాని మెడికల్ కాలేజీలో ముప్పై ఏళ్ళు పనిచేస్తూ నేను ఆ వార్డుల్లోనూ తిరిగాను. మంచం చుట్టూ నిలబడి, మంచం మీది మనిషిని దాటించి ఒకరితో ఒకరు మాట్లాడుకునే తెల్లకోట్లను చూశాను. ఆనాడు మా సావిట్లో చెంచా పట్టుకున్నవాళ్ళయినా ముందు "వెంకాయమ్మా" అని పిలిచేవారు, జవాబు రాకపోయినా. ఇక్కడ ఆ పిలుపు కూడా లేదు, మంచం నంబరు ఉంది. రత్తమ్మత్తలాంటి మనిషి ఏ వార్డులోనూ నాకు కనపడలేదు. ఉన్నా, విజిటర్ల టైం అయిపోయిందని బయటికి పంపేసి ఉంటారు.

డాక్టరునై, చివరికి అనాటమీయే చెప్పుకుని బతికాను. పగ తీర్చుకోవాలనిపించేది. ఎవరిమీద? చుట్టాలు కాదు, నందిగామ డాక్టరుగారు కాదు. రికార్డు అప్పజెబుతూ పెద్దమ్మ కాళ్ళ దగ్గర నిలబడ్డ ఆ పందొమ్మిదేళ్ళవాడి మీద. వాడు నాకు దొరకడు గదా. అందుకని ఏటా క్లాసులో వాడికి బాగా దగ్గరి పోలికలున్న కుర్రాణ్ణి వెతికేవాణ్ణి. పెద్ద కష్టం కాదు, ముందు బెంచీలోనే ఉంటాడు. మెదడు కాండం పాఠం రోజున వాడితో అంతా అప్పజెప్పించి, శభాష్ అని, బల్లమీద వెల్లకిలా పడుకోమనేవాణ్ణి. గంటసేపు కదలకూడదు, నోరు విప్పకూడదు, కళ్ళు పైకీ కిందికీ మాత్రమే. మిగతావాళ్ళను చుట్టూ నిలబెట్టి వాడి గురించి మాట్లాడమనేవాణ్ణి. మొదట సిగ్గుపడేవాళ్ళు. పావుగంటలో అలవాటు పడిపోయేవాళ్ళు. వాడి చెప్పులు, వాడి యాస, వాడి గొప్పలు. ఇరవయ్యో నిమిషానికి వాడు వింటున్న సంగతి అందరూ మరిచిపోయేవాళ్ళు. అంతవరకూ పాఠం.

గంట కొట్టాక వాణ్ణి లెమ్మని చెప్పాలి. చెప్పేవాణ్ణి కాదు. మిగతా క్లాసును వెంటబెట్టుకుని, తలుపు దగ్గరగా వేసి, టీకి వెళ్ళిపోయేవాణ్ణి. వాడు బుద్ధిమంతుడు, చెప్పకుండా లేవడు. పది నిమిషాలు. నెమ్మదిగా తాగేవాణ్ణి. ఆ పది నిమిషాలు సిలబస్‌లో లేవు. అవి నావి.